ఆరు మంచాలకు ఒకటే జగ్గు

కిడ్నీ మార్పిడి వార్డు తలుపు దగ్గర నీలం చీరలో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఎంత పెద్ద డాక్టరైనా ఆవిడ కళ్ళెదుట చేతులు కడుక్కునే లోపలికి వెళ్ళాలి. అందరూ సబ్బమ్మ అంటారు. ఒకసారి పెద్ద డాక్టరు తడి చేతులెత్తి, "పాసయ్యానా?" అని నవ్వితే, "బొటనవేలు తప్పింది సార్" అని మళ్ళీ కుళాయి దగ్గరికి తోలింది.

ఆవిడకు శుభ్రం పిచ్చి అనుకుంటారు. అది పిచ్చి కాదు, పగ.

రెండేళ్ళ కిందట సబ్బమ్మ ఇంట్లో కుట్టుమిషను తొక్కుకునే మనిషి. నోట్లో నాలుక లేనిది. తమ్ముడి కిడ్నీలు రెండూ చెడిపోతే తనదొకటి ఇచ్చింది. ఆపరేషను బాగా జరిగింది. నాలుగో నంబరు మంచం పక్కన కూర్చుని, నిండుతున్న మూత్రం సంచీకేసి చూసి మురిసిపోయింది.

"నీ కిడ్నీ కూడా నీలాగేనే అక్కా, ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోదు" అన్నాడు తమ్ముడు.

ఆ మూత్రం కొలిచే అటెండరును అందరూ రైలుబండి అనేవారు, అంత చకచకా పని ముగిస్తాడని. చేతిలో ఒకటే కొలత జగ్గు. ఒకటో మంచం సంచీ అందులోకి వంపి, కొలత రాసి, పారబోసి, అదే జగ్గుతో, అవే గ్లౌజులతో రెండో మంచానికి, మూడో మంచానికి వెళ్ళిపోయేవాడు. మంచానికొకటి చొప్పున ఆరు కొత్త జగ్గులు బీరువాలో ఉన్నాయి. తనిఖీకి వచ్చేవాళ్ళకు తళతళలాడుతూ కనబడాలని వాటికి తాళం వేసి ఉంచారు. సబ్బమ్మకు అప్పుడేం తెలుసు? 'ఎంత చురుకైనవాడో' అని మెచ్చుకుంది కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదకొండో రోజు తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. మూడో మంచం మనిషికున్న, మందులకు లొంగని క్రిమే తమ్ముడి రక్తంలోనూ బయటపడింది. దాన్ని మోసుకొచ్చింది ఆ జగ్గేనని ఒక నర్సు చాటుగా చెప్పింది. కొత్త కిడ్నీని ఒళ్ళు కాదనకుండా ఇచ్చే మందులు క్రిములతో పోరాడే బలాన్ని కూడా తగ్గించేస్తాయట. ఒకదాని తర్వాత ఒకటి ఎన్ని మందులు మార్చినా పందొమ్మిదో రోజు తమ్ముడు పోయాడు, అక్క కిడ్నీతో సహా.

ఆఫీసుకెళ్ళి జగ్గు సంగతి చెబితే "రుజువేది?" అన్నారు. ఏడాది తిరక్కుండా అదే వార్డులో ఆయాగా చేరింది. రైలుబండిని రుజువుతో పట్టుకోవాలి, ఉద్యోగం ఊడగొట్టాలి, వాడు బిక్కమొహంతో గేటు దాటుతుంటే కళ్ళారా చూడాలి. మొహానికి మాస్కు, తలకు టోపీ ఉండడంతో వాడు గుర్తుపట్టలేదు. ఈలోగా కొత్త హెడ్ నర్సు వచ్చి, బీరువా తెరిపించి, ప్రతి మంచానికీ నంబరేసిన జగ్గు పెట్టించింది.

మొన్నామధ్య నాలుగో మంచంలోకి ఒక టీచరు వచ్చింది. భర్త కిడ్నీ ఇచ్చాడు. విడి గది ఖాళీ లేక, మొండి క్రిమి ఉన్న మనిషిని రెండో మంచంలోనే ఉంచారు. ఆ రోజు నాలుగో జగ్గు కడగడానికి వెళ్ళి ఇంకా రాలేదు. రైలుబండి అటూ ఇటూ చూసి, రెండో జగ్గు అందుకుని టీచరు సంచీ దగ్గర వంగాడు.

సబ్బమ్మ బొడ్లో దోపుకున్న ఫోనుంది. ఒక్క క్షణం ఆగి ఫొటో తీస్తే చాలు, రుజువు చేతికొస్తుంది. ఆ క్షణం ఆగలేకపోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి వాడి మణికట్టు పట్టేసుకుంది.

"దించు!"

"ఒక్కసారికే ఏమవుతుందక్కా?"

"దించుతావా, నీ నెత్తిన బోర్లించనా?"

టీచరు బిత్తరపోయింది. "జగ్గు కోసం కొట్టుకుంటున్నారేంటండీ?"

"మీరు పడుకోండి టీచరమ్మా. ఇది మా ఇంటి గొడవ."

వాణ్ణి వరండాలోకి ఈడ్చుకెళ్ళి తన మాస్కు కిందికి లాగింది. రైలుబండి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు... ఆ నాలుగో నంబరు అబ్బాయి అక్కవి కదూ? నన్ను తీయించేస్తావా?"

అప్పటిదాకా ఆవిడ కోరుకున్నది అదే. కానీ వాడి చేతులు చూస్తుంటే ఇంకోటి తోచింది.

"తీయిస్తే ఇంకో ఆస్పత్రిలో చేరతావు. అక్కడ నేనుండను. ఇక్కడే పడి ఉండు. మంచానికీ మంచానికీ మధ్య గ్లౌజులు పారేసి, చేతులు కడిగి, నాకు చూపించి మరీ కదులు. నువ్వు రిటైరయ్యేదాకా నిన్ను వదలను."

వదల్లేదు. టీచరుకు మూత్రం గొట్టం తొందరగానే తీసేశారు. జ్వరం రాకుండా ఇంటికి నడిచి వెళ్ళింది. రైలుబండి ఇప్పుడు ప్రతి మంచం దగ్గరా ఆగే ప్యాసింజరయ్యాడని నర్సులు నవ్వుకుంటారు. కడిగి కడిగి వాడి వేళ్ళ కణుపులు పగిలి ఎర్రగా తేలాయి. అవి చూసినప్పుడల్లా సబ్బమ్మ కడుపు చల్లబడేది.

ఒకరోజు హెడ్ నర్సు ఆ చేతులు చూసి కసిరింది. "పగుళ్ళలో క్రిములు గూడు కట్టుకుంటాయయ్యా! మానేదాకా సంచీలు ముట్టుకోకు."

మర్నాడు సబ్బమ్మ ఒక క్రీము డబ్బా తెచ్చి వాడి ముందు ఠపీమని పెట్టింది.

"రాసుకుని చావు."

"కోపం తగ్గిందా అక్కా?"

"తగ్గడమా? ఆ చేతులు మానితేనే కదా మళ్ళీ కడిగించేది. వేళ్ళ సందుల్లో కూడా రాయి" అని, వాడు రాసుకునేదాకా పళ్ళు నూరుతూ అక్కడే నిలబడింది.