తుడుము వెంట నడిచిన ల్యాప్‌టాప్

సోనిది అనంతగిరి మండలంలో కాఫీ తోటల మధ్య ఒక చిన్న గూడెం. డ్రమ్స్ ఆమెకు చర్చిలో పట్టుబడ్డాయి. కొత్తగా తెచ్చిన డ్రమ్ సెట్ ముందు కూర్చోవడానికి అందరూ జంకుతుంటే తనే వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఆమెను అక్కణ్ణించి లేపడం ఎవరి తరమూ కాలేదు.

డిగ్రీకి అరకు వచ్చాక గిటార్ వాయిస్తూ పాడే ఉదయ్, కీబోర్డు వాయించే సాహితి తోడయ్యారు. సాహితి వాళ్లకు బజారులో బట్టల కొట్టుంది. ముగ్గురూ కలిసి 'గాలికొండ' అని రాక్ బ్యాండ్ పెట్టారు.

కాలేజీల్లో చప్పట్లు బాగానే పడేవి. కానీ సంత మైదానంలో వాయించిన రోజున గూడేల ఆడవాళ్లు రెండో పాటకే లేచి వెళ్లిపోయారు. సోని పెద్దమ్మ సోములమ్మ థింసా నాట్యం ఆడే జట్టుకు పెద్ద.

"మోత బాగుందే గుంటా. కాలు మాత్రం కదల్నేదు," అనేసింది.

ఆ మాట పట్టుకుని సాహితి ల్యాప్‌టాప్ మీద ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ చేయడం మొదలుపెట్టింది. ఉదయ్‌కి తెగ నచ్చేసింది.

"డ్రమ్స్ కూడా ఇందులోంచే వచ్చేత్తాయి సోనీ. నువ్వు బటన్లు నొక్కితే సాలు," అన్నాడు.

సోని ఇంటికి వెళ్లిపోయింది. ఆ వారమే గూడెంలో పెళ్లి. ఆమె తండ్రి భీముడు నడుముకు తుడుము కట్టుకుని, రెండు పుల్లలతో వాయిస్తున్నాడు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి వరసగా ఆడుతున్నారు. సోని తన తండ్రి కళ్లనే చూస్తూ నిలబడింది. ఆయన చూపంతా వాళ్ల కాళ్ల మీదే. కాళ్లు నెమ్మదిస్తే దెబ్బ నెమ్మదిస్తోంది, ఊపందుకుంటే ఉరుకుతోంది.

మర్నాడే అరకు వచ్చి సాహితిని పట్టుకుంది.

"మా అయ్య కాళ్లు సూసి వాయిత్తాడు. నీ పెట్టె ఎవర్నీ సూడదు. నాను తుడుము వాయిత్తాను, నా దెబ్బ ఎనకాల అది నడవాల. అవుతాదేటి?"

సాహితి ఆలోచించింది. "తుడుముకి చిన్న మైకు అంటించి, నీ దెబ్బ ల్యాప్‌టాప్‌కి వినిపించి చూద్దాం."

తేలిగ్గా అవలేదు. వానాకాలమంతా బట్టల కొట్టు మేడ మీద తంటాలు పడ్డారు. ల్యాప్‌టాప్ ఒకసారి వెనకబడేది, ఒకసారి పరుగెత్తేది. ఉదయ్ ఒగ్గేద్దామన్నాడు. సోని ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆమె జోరు పెంచితే సంగీతమంతా పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. ముగ్గురూ వేసిన కేకకు కింద చీరలు బేరమాడుతున్నవాళ్లు మెట్లెక్కి వచ్చేశారు.

చలికాలంలో అరకు ఉత్సవాల్లో సాయంత్రం పూట వాళ్లకు అవకాశం వచ్చింది. సోని తన తండ్రి తుడుమే కట్టుకుని ముందు నిలబడింది. కింద సోములమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. సోని ఆమె పాదాలనే చూస్తూ వాయించింది. బొటనవేలు కదిలింది. సోని దెబ్బ కాస్త పెంచింది. మడమ లేచింది. ఇంకాస్త పెంచింది.

సోములమ్మ లేచి నిలబడి పక్కవాళ్లను కసిరింది: "లెగండే! కూకుంటారేటి?"

వరస కట్టింది. ఆ వరస మైదానం చుట్టూ పాకింది. ఫోన్లు జేబుల్లో పెట్టుకుని టూరిస్టులు కూడా దాని తోక పట్టుకున్నారు. ఆడవాళ్లు ఎత్తుకున్న పాటలో ఉదయ్ గొంతు వినబడలేదు. అతను నవ్వుతూ మైకు వాళ్ల వైపే పెట్టాడు.

అంతా అయ్యాక భీముడు తుడుము తీసుకుని అరచేత్తో తడిమాడు.

"తోలు సాగిపోనాది. ఈ జోరుకి ఇది సాలదు. బేగి కొత్తది బిగిద్దాం," అన్నాడు.

కొత్త తోలు బిగించిన తుడుముతోనే వేసవిలో పార్వతీపురంలో, ఆ తర్వాత విశాఖలో వాయించారు. విశాఖ కుర్రకారుకు అడుగు తెలియదు. సోని స్టేజి దిగి, వాళ్ల మధ్య చేరి నేర్పింది. అంతసేపూ పైన తుడుము కట్టుకుని, ఆ ల్యాప్‌టాప్‌ను తన దెబ్బ వెంట నడిపించింది భీముడే.