పెద్దమ్మకి చదివి వినిపించని పేజీ

నా చిన్నప్పుడు మా ఇంటి మొత్తానికి అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. ఆ సంగతి చెప్పే ముందు ఒక మంచి కబురు చెప్పాలి, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది. నేను డిగ్రీ పాసయ్యాను! నలభై తొమ్మిదో ఏట, ఆశా వర్కరుగా ఊరంతా తిరుగుతూనే, దూరవిద్యలో బి.ఏ. ఫలితాలు ఫోన్‌లో చూసి నమ్మలేక మా అబ్బాయి చేత మూడుసార్లు చదివించుకున్నాను. మొదటి పరీక్షకి నరసరావుపేట వెళ్ళిన రోజు గేటు దగ్గర కుర్రాడు, "పాపని లోపలికి పంపించి మీరు బయట కూర్చోండమ్మా" అన్నాడు. "నాయనా, పాపని నేనే" అని హాల్ టికెట్ చూపించాను. మా వంశంలో ఇది మొదటి డిగ్రీ. మా ఆయన మాచవరం నుంచి లడ్డూలు తెచ్చి పేటంతా పంచిపెట్టాడు.

నేనూ ఒక లడ్డూ నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మా పెద్దమ్మ.

మా అమ్మకి అక్క ఆమె. మా గోడా ఆమె గోడా ఒకటే. పెద్దనాన్న పోయాక మిరపచేల కూలికి వెళ్ళి బతికేది. నేనంటే ప్రాణం. నేను ఆరో తరగతి చదువుతున్న ఏడు, మా చర్చిలో ఈస్టర్ నాటకంలో ఆమెకి మగ్దలేనే మరియ పాత్ర వచ్చింది.

మా ఊళ్ళో ఈస్టర్ అంటే తెల్లవారుజామునే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళి, ప్రార్థన చేసుకుని, పాటలు పాడుకుంటూ చర్చి దగ్గరికి తిరిగొచ్చేవాళ్ళం. అక్కడ సూర్యుడు పొడిచే వేళకి నాటకం మొదలయ్యేది. దానికి ఊరంతా తలా ఒక చెయ్యి వేసేది. ఒక రైతు తన ట్రాక్టరు ట్రక్కుల్ని రెండు కలిపి నిలబెడితే అదే స్టేజీ. ఆయన కోడలు మరియ కోసం తన నీలం చీర ఇచ్చేది. వాళ్ళు శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు కట్టుకుని వెళ్ళే మనుషులు, అయినా ఈస్టర్ పొద్దున మాకంటే ముందొచ్చి కూర్చునేవాళ్ళు. వడ్రంగి మామ సిలువ చేసిచ్చేవాడు. యేసు ప్రభువు సమాధిని మిరపకాయల గోతాలు కట్టి తయారుచేసేవాళ్ళు. ఎంత దులిపినా ఘాటు పోయేది కాదు. యేసు వేషం వేసే కిరాణా కొట్టు బాబాయి లోపల పడుకుని ముక్కు గట్టిగా పట్టుకుని, పునరుత్థానం దాకా తుమ్ము ఆపుకునేవాడు.

అంతకుముందు వరకూ మరియ వేషం బడి పంతులుగారి భార్యది. ఆమెకి చదువొచ్చు. ఆ ఏడు వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు. నాటకం రాసే సండే స్కూల్ అక్క, పెద్దమ్మ గొంతు మైకు లేకపోయినా చెరువు అవతలికి వినపడుతుందని ఆమెని అడిగింది. సంఘపెద్ద ఒప్పుకోలేదు. "చదువు రాని మనిషికి అన్ని మాటలు ఎట్టా వస్తయ్యమ్మా, నలుగుర్లో నవ్వులపాలు చేస్తావా?" అన్నాడు. పెద్దమ్మ ఎప్పుడూ పెద్దల ముందు నోరెత్తని మనిషి. ఆ రోజు మాత్రం, "వస్తయ్యయ్యా. మా పాప చదివి చెబుద్ది, నేను పట్టుకుంటా" అంది.

అలా నేను ఆమెకి పంతులమ్మని అయ్యాను.

రోజూ సాయంత్రం ఆమె చేలో నుంచి వచ్చి చేతులు మజ్జిగతో కడుక్కుని, మిరపకాయల మంట తగ్గక ఊదుకుంటూ నా ముందు కూర్చునేది. నేను నోటుపుస్తకం తెరిచి ఒక్కో మాట చదివేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని పలికేది. తప్పు పలికితే స్కేలుతో మోకాలి మీద కొట్టేదాన్ని. ఆమె నవ్వేది. ప్రతి పేజీ చివరా, "అయిపోయిందా తల్లీ?" అని అడిగేది. నేను అయిపోయిందంటేనే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

పొద్దున చేలో అవే మాటలు. కాయలు కోస్తూ ఆమె మరియ మాట చెబితే, పక్క సాల్లో ఉన్న మా వీధి అత్త యేసు మాట అందించేది. అత్తకి వెక్కిరింపులు ఎక్కువ. "ఏమే మరియా, ప్రభువు కోసం ఏడ్చింది చాల్లే గానీ, ఆ చెట్టున సగం కాయలు వదిలేశావు, రైతు వచ్చి నిన్నే సమాధి చేస్తాడు!" అనేది. చేనంతా నవ్వేది. పది రోజులకి పెద్దమ్మకి అంతా వచ్చేసింది. శుక్రవారం రిహార్సల్‌లో ఖాళీ సమాధి ముందు ఆమె ఏడుస్తుంటే సంఘపెద్ద కూడా కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం సండే స్కూల్ అక్క మా ఇంటికి వచ్చింది. నాటకం చివర తొందరగా ముగిసిపోతోందని, కొత్తగా ఒక పేజీ రాసిందట. మరియ ప్రభువుని చూసి పరుగెత్తుకొస్తుంది, పేతురు ఆమెని ఏం చూశావని అడుగుతాడు, అప్పుడామె లేచిన ప్రభువు కబురు ఊరికంతటికీ చెబుతుంది. పేతురు వేషం వేసే ట్రాక్టర్ డ్రైవర్ అన్నకి అప్పటికే చెప్పేసింది. "పెద్దమ్మ చేలో నుంచి రాగానే నేర్పించు, మర్చిపోకు" అని పుస్తకం నా చేతిలో పెట్టింది. నేను బుర్ర ఊపాను.

ఆ సాయంత్రం రైతు గారింట్లో టీవీలో సినిమా ఉంది. వాకిట్లో కూర్చుని చూడనిచ్చేవాళ్ళు. ముందు వెళ్ళినవాళ్ళకి ముందు చోటు. పెద్దమ్మ ఇంకా చేలో నుంచి రాలేదు, పిల్లలంతా వెళ్ళిపోతున్నారు. నా కాళ్ళు నిలవడం లేదు. చీకటి పడబోతుండగా ఆమె వచ్చింది. నేను పాత పేజీలు గబగబా ఒకసారి చదివేసి పుస్తకం మూశాను. ఆమె నా చేతిలో నుంచి పుస్తకం తీసుకుని చివరి అట్ట దగ్గర తెరిచింది.

"వెనకమాల ఏందో కొత్తగా నల్లగా రాసుందే తల్లీ?"

"అది నీది కాదులే పెద్దమ్మా, పాస్టరు అయ్యగారి ప్రార్థన."

"అయితే నాది అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాను. అప్పటికే గుమ్మం దాటాను.

మర్నాడు ట్రక్కు మీద ఆమె మా పెద్దమ్మలా లేదు. నీలం చీర తలమీదుగా కప్పుకుని, గోతాల సమాధి ముందు మోకాళ్ళ మీద కూలబడి, "నా ప్రభువును ఎవరో ఎత్తుకుపోయారు, ఎక్కడ ఉంచారో నాకు తెలియదు" అని ఏడుస్తుంటే ముందు వరసలో ముసలమ్మలు వెక్కివెక్కి ఏడ్చారు. "మరియా" అని పిలిచాడు కొట్టు బాబాయి. "బోధకుడా!" అంటూ ఆమె అతని కాళ్ళ మీద పడింది. అక్కడితో ఆమెకి తెలిసిన నాటకం అయిపోయింది. లేచి, కొంగు సర్దుకుని, మెట్లు దిగబోయింది.

అప్పుడు పేతురు ఎదురొచ్చాడు. కొత్త మాట మర్చిపోతానన్న కంగారులో గట్టిగా అరిచాడు. "అమ్మా, ఎందుకు పరుగెత్తి వస్తున్నావు? ఏం చూశావు?"

పెద్దమ్మ ఆగింది. పరుగెత్తిందీ లేదు, ఏమీ లేదు. నాటకం అయిపోయాక డ్రైవర్ అబ్బాయి తనని మామూలుగానే ఏదో అడుగుతున్నాడనుకుంది. అటూ ఇటూ చూసి, తన మామూలు గొంతుతో, అంటే చెరువు అవతలికి వినపడే గొంతుతో, జవాబు చెప్పింది.

"నేనేం చూళ్ళేదబ్బాయ్."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ముందు కుర్రాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు, ఆఖరికి ట్రక్కు మీద యేసు ప్రభువు కూడా. తెర వెనక నుంచి అక్క మాటలు అందిస్తున్నా ఆ గోలలో ఏమీ వినపడలేదు. పెద్దమ్మ నవ్వుతున్న జనాన్ని చూసింది. తర్వాత కింద, ముందు వరసలో ఉన్న నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. దించుకున్నందుకే ఆమెకి అంతా తెలిసిపోయి ఉంటుంది.

నాటకం తర్వాత సంఘపెద్ద చర్చి మెట్ల మీద నిలబడి, "నేను ముందే చెప్పాను, చదువు రానోళ్ళకి ఇస్తే ఇట్టాగే ఉంటదని" అన్నాడు. అక్క నా భుజం పట్టుకుని నేర్పించావా లేదా అని అడిగింది. పెద్దమ్మ మధ్యలోకి వచ్చింది. "పాప నేర్పిందమ్మా. పొలాన పడి వచ్చి అలిసిపోయా, నాకే నిలవలేదు. పసిదాన్ని అనమాక" అంది. ఆ మాటతో, చదువు రానివాళ్ళకి మాటలు నిలవవని అందరి ముందూ ఆమే ఒప్పుకున్నట్టయింది. నేను అక్కడే నిలబడి విన్నాను. కాదని ఒక్క మాట చెప్పలేదు.

సోమవారం సాయంత్రం ఎప్పటిలాగే చేతులు కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "ఆ వెనక పేజీ చదువు తల్లీ, ఏం రాసిందో వింటా" అంది. చదివాను. పది పన్నెండు వాక్యాలే. "నేను ప్రభువును చూశాను. ఏడ్చేవాళ్ళు ఏడుపు మానండి, తలుపులు మూసుకున్నవాళ్ళు తలుపులు తీయండి" అని మొదలవుతుంది. సగంలో నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆపనివ్వలేదు, చివరి దాకా చదివించుకుంది.

"చానా బాగుంది" అంది. "అది నల్లగా కనపడుతూనే ఉంది నాకు. నువ్వు కాదన్నావు, కాదేమో అనుకున్నా. నువ్వేది చెబితే అదేగా తల్లీ నాకు."

ఆ తర్వాత ఏనాడూ నా దగ్గర ఆ పేజీ ఊసు ఎత్తలేదు.

మరుసటి ఏడు మరియ వేషం కాలేజీ చదివే పిల్లకి ఇచ్చారు. పెద్దమ్మ గోతాలు కుట్టింది, తెర పట్టుకుంది. చేలో మాత్రం ఆమెకి ఆ మాట పేరులా అతుక్కుపోయింది. "ఏం చూశావే మరియా?" అని అత్త కేకేస్తే, "నేనేం చూళ్ళేదబ్బాయ్" అని ఆమే అనేది, అందరితో కలిసి నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా నేను అక్కడ నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆమె పోయి ఆరేళ్ళయింది. మొన్నటి దాకా నేను ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం చర్చిలో నాకు దండ వేసి, డిగ్రీ గురించి సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. సంతోషంగానే మొదలుపెట్టాను. గేటు దగ్గర కుర్రాడి సంగతి చెబితే అందరూ నవ్వారు. ఆ నవ్వు వినేసరికి ఇక ఆగలేకపోయాను. ఆ ఈస్టర్‌కి పెద్దమ్మకి ఆ పేజీ నేను నేర్పలేదని, నీది కాదులే అని అబద్ధం చెప్పి సినిమాకి పోయానని, మైకులోనే చెప్పేశాను. చాప మీద కూర్చున్న మా వీధి అత్త, ఇప్పుడు ఎనభై దాటింది, కర్ర పట్టుకుని నా వైపు చూసింది.

"ఇప్పుడా చెప్పేది? దాన్ని చచ్చిందాకా ఎగతాళి చేశాం గదే మేము" అంది. "అది లేకపాయె. ఎవరికి చెబుతున్నావు?"

నేను మైకు పక్కన పెట్టి, వెళ్ళి ఆమె చాప మీదే కూర్చున్నాను.

మా పేటలో ఇప్పటికీ చదువు రానివాళ్ళు చాలామందే ఉన్నారు. ఆసుపత్రి చీటీలు, పింఛను కాగితాలు, బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఎంత పనిలో ఉన్నా కూర్చోబెట్టి మొత్తం చదువుతాను, సన్న అక్షరాలు కూడా. వాళ్ళు విసుక్కుంటారు. చివర్లో ఎవరో ఒకరు, "అయిపోయిందా అమ్మా?" అని అడుగుతారు, నా మొహంలోకి నమ్మకంగా చూస్తూ. డిగ్రీ చదివిన దాన్నే, అయినా అయిపోయిందని చెప్పే ముందు కాగితం మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటాను.