గుంటూరు అతుకు

మొన్న మా మనవరాలి కొత్త ఇంట్లో వంటింటి అలమరలు బిగించడానికి ఇద్దరు వడ్రంగులు వచ్చారు. చేతిలో ఇమిడిపోయే కరెంటు రంపంతో పలకలు కోస్తుంటే ఇల్లంతా రొదే కానీ, కర్ర వాసన మాత్రం లేదు. ఏదో మాడిన జిగురు కంపు. కుర్చీ వాళ్ళ దగ్గరికి జరిపించుకుని కూర్చుని, రంపం విరిగితే ఏం చేస్తారని అడిగాను. పారేసి కొత్తది వేస్తామండీ అని నవ్వాడు వాళ్ళలో పెద్దతను, మామ్మగారు ఏమీ తోచక అడుగుతున్నారనుకుని. పారేసేదానికి అతుకు ఊసెందుకు, నిజమే. ఆ పూటంతా నాకు మా ఊరి కోతమిషనే కళ్ళ ముందు తిరిగింది.

మా పుట్టిల్లు చీరాల. నాన్న కంసాలి. ఇంట్లో మగపిల్లలు లేరు కనకనో, నేను ఒకచోట కుదురుగా కూర్చునేదాన్ని కనకనో, పన్నెండో ఏటి నుంచే నాన్న పక్కన కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదేదాన్ని. మగ్గాలవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు తెచ్చే విరిగిన కడియాలు, తెగిన మొలతాళ్ళు వెలిగారం రాసి, మధ్యన ఇత్తడి కలిపి కరిగించిన వెండి తునక పెట్టి అతికే పని నా పెళ్ళినాటికి పూర్తిగా నాకే వదిలేశారు. అతుకు కంటికి కనబడితే అది అతుకు కాదే, మచ్చ అనేవారు నాన్న. పెళ్ళయి, ఎటు చూసినా పత్తీ మిరపా తప్ప మరొకటి కనపడని ఆ గుంటూరు జిల్లా నల్లరేగడి ఊరికి కాపరానికి వచ్చాక, నాకు ఆ పని వచ్చునన్న సంగతి అడిగినవాళ్ళూ లేరు, నేను చెప్పిందీ లేదు. అది వడ్రంగం చేసే ఇల్లు. మామగారు బండ్లూ నాగళ్ళూ చేసేవారు. ఆయన అన్నగారు, అంటే మా పెదమామగారు, ఎదురింట్లోనే కమ్మరి కొలిమి నడిపేవారు. మా వారు పక్క టౌనులో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు.

నా ఈడువాళ్ళకు చేతిరంపంతో దుంగలు కోయడం గుర్తుండే ఉంటుంది. దుంగను ఆసరాల మీద నిలువెత్తుకు ఎక్కించి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి, నిలువెడు రంపాన్ని పొద్దస్తమానం పైకీ కిందికీ లాగుతుండేవారు. పైవాడికి నడుము పోతుంది, కిందివాడికి కళ్ళు పోతాయి. కోసిన పొట్టంతా రాలేది వాడి మొహం మీదే మరి. మా ఊరికి కోతకు వచ్చే జోడీ ఒంగోలు వైపు పొగాకు కాల్చే బ్యారన్లు లేస్తున్నాయని, అక్కడ కూలి ఎక్కువని వెళ్ళిపోయాక, మామగారే పాలేరును పైన నిలబెట్టి తాను దుంగ కింద నిలబడటం మొదలుపెట్టారు. గీత తప్పకుండా కోయాలంటే కిందివాడు పనెరిగినవాడై ఉండాలనేవారు. రెండేళ్ళు తిరక్కుండానే కళ్ళు ఎర్రబడి, పుసులు కట్టి, ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకునే స్థితికి వచ్చారు. గుంటూరులో కంటి డాక్టరు చూసి, ఇక పొట్టు పడిందంటే చూపు దక్కదు, ఆపైన మీ ఇష్టం అన్నాడు. ఆయన ఇష్టం ఏముంది, బండ్లు చేయకపోతే తోచదు, కోత లేనిదే బండి లేదు. వారం తిరక్కుండా మళ్ళీ దుంగ కిందే ఉన్నారు.

అప్పుడు పుట్టింది మా వారికి ఆ పిచ్చి. గుంటూరు సామిల్లులో చూసి వచ్చిన మిషను మనమే కట్టుకుందామన్నారు. అన్నవారు ఊరుకోలేదు, మిల్లు ఉద్యోగం మానేసి కూర్చున్నారు. పెద్ద లారీ చక్రాలు రెండు, ఒకటి కింద, ఒకటి పైన. వాటి చుట్టూ మంచం నవారులా తిరిగే పొడుగాటి రంపం. మిషనంటే ఇంతేనని పెరట్లో బొగ్గుతో గీసి చూపించారు. ఆ చక్రాలు యుద్ధం నాటి మిలిటరీ లారీవి, టైర్లు అరిగి బోడిగుండుల్లా ఉండేవి. బేరింగులు జిన్నింగు మిల్లు తీసి పడేసినవి, తోలు బెల్టు కూడా అక్కడిదే. పై చక్రాన్ని ఎత్తి రంపాన్ని బిగించడానికి పాత లారీ జాకీ. ఇంజను ఒక రైతు బావి ఎండిపోయాక తాటాకుల కింద పడేసిన ఆయిలింజను, అందులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. నల్లతుమ్మ దూలాలతో చట్రం మామగారే కట్టారు, కొడుకు ఉద్యోగం మానినందుకు మాట్లాడటం మానేసి కూడా, మూలమట్టం పెట్టి మరీ కట్టారు. దారినపోయేవాళ్ళందరూ ఆగి, ఎద్దులెక్కడ కడతావురా అని వేళాకోళమాడేవారు. పెదమామగారు మాత్రం కొలిమి వదిలేసి వచ్చి బోల్టులు సాగగొట్టి ఇచ్చేవారు.

అన్నీ కుదిరాయి, రంపమే కుదరలేదు. కొత్తది కొనే స్తోమత లేక, సామిల్లువాళ్ళు విరిగాక పక్కన పడేసిన ముక్కలు తెచ్చారు మా వారు. నాలుగు ముక్కలు అతికితే గానీ ఒక చుట్టు కాదు. అతికిపెట్టమని అక్కడే అడిగితే, మా రంపాలకే తీరిక లేదు పొమ్మన్నారట. దాంతో పెదమామగారు ఆ పని నెత్తిన వేసుకున్నారు. కొలిమిలో ఎర్రగా కాల్చి, ఇత్తడి కరిగించి అతికి, చుయ్యిమని నీళ్ళలో ముంచారు. ముహూర్తం చూసి, నిమ్మకాయలు కట్టి ఇంజను తిప్పితే, మొదటి దుంగ మూరెడు కోశాక రంపం అతుకు దగ్గర ఠప్పున తెగింది. దిష్టి అన్నారు. మిరపకాయలు కట్టి మళ్ళీ అతికారు, మళ్ళీ తెగింది. బూడిద గుమ్మడికాయ కొట్టారు, ఈసారి జానెడు కూడా కోయలేదు. తెగినప్పుడల్లా మామగారు అటక మీది చేతిరంపం దించుకుని దుంగ కిందికి వెళ్ళిపోయేవారు. ఆ వెళ్ళడం చూడలేక మా వారు పెరట్లోకి వెళ్ళి నిలబడేవారు.

మూడోసారి తెగిన ముక్కను నేను చేతిలోకి తీసుకుని చూశాను. ఉక్కు నల్లగా మాడి ఉంది. కమ్మరి వేడి వేరు, కంసాలి వేడి వేరు. ఇత్తడి కరిగేంత వేడికి ఆ పలచటి ఉక్కు చచ్చిపోతుంది, నీళ్ళలో ముంచేసరికి గాజుపెంకు అవుతుంది. వెండిలో కాస్త ఇత్తడి కలిపితే ఆ రెంటికంటే తక్కువ వేడికే కరుగుతుంది. మధ్యాహ్నం అన్నం పెడుతూ మా వారితో చెబితే, ఇది కడియం కాదే, రంపం అన్నారు. అని, ఓ ముద్ద తిని, ఇంట్లో వెండి ఉందా అని అడిగారు. అరిగిపోయి తీసేసిన నా పాత మట్టెలు పెట్టెలో ఉన్నాయి.

మర్నాడు ఆయన బేరింగు కోసం గుంటూరు వెళ్ళిన పూట, వెనక వసారాలో కుంపటి రాజేసి కూర్చున్నాను. ముక్కల చివరలు ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఒదిగేలా పెట్టి, వెలిగారం రాసి, మట్టెల వెండిలో ఇత్తడి కలిపి కరిగించి రేకులా సాగగొట్టిన తునక మధ్యన పెట్టి ఊదాను. అత్తగారు అవతలి చివర ఎత్తిపట్టుకుని, నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. వెండి మెరిసి పారగానే తీసి, నీళ్ళ జోలికి పోకుండా వెచ్చటి బూడిదలో పూడ్చిపెట్టాను. సాయంత్రం మా వారు వచ్చి మోకాలి మీద వంచి చూశారు, తెగలేదు.

పొద్దున మిషను ఎక్కిస్తే రంపం పాట అందుకున్నట్టు సాగిపోయింది. వేప దుంగ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెన్నముద్దలా కోసుకుపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మామగారు కోసిన పలక తడిమి చూసి, ఎవరతికార్రా అని అడిగారు. పక్కనే పెదమామగారు ఉన్నారు. మా వారు ఆయన వంక చూశారు, నా వంక చూశారు, నిన్న గుంటూరు వెళ్ళాగా నాన్నా, అక్కడ అతికించుకొచ్చా అన్నారు. మూడుసార్లు అతికి ఓడిపోయిన పెద్దాయన ఎదుట, ఆయనకు చేతకాని పని ఇంటి కోడలు చేసిందని ఎలా చెప్పను, ఆయన కొలిమి ఆర్పేసుకుంటారు, అని ఆ తర్వాత నాతో అన్నారు. నాకూ అదే సబబనిపించింది, నవ్వేసి ఊరుకున్నాను.

ఆ నవ్వు నాలుగేళ్ళు మోయాల్సి వచ్చింది. పాత ముక్కల రంపం కాబట్టి నెలకో రెండు నెలలకో ఎక్కడో ఒకచోట తెగేది. తెగినప్పుడల్లా మా వారు పనికిరాని ఇనప ముక్కలు గోనెలో చుట్టి, ఊరందరూ చూస్తుండగా చంకన పెట్టుకుని గుంటూరు బస్సెక్కేవారు. ఎక్కి, పక్క టౌనులోనే దిగి, కాఫీ హోటల్లో ఇడ్లీలు తిని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివి, సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవారు. ఇంట్లో అసలు రంపం నా కుంపటి మీద ఉండేది. ఎవరూ లోపలికి రాకుండా అత్తగారు వసారా గుమ్మంలో మిరపకాయల రాశి పోసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్ళను రా కూచో, నాలుగు తొడిమలు తీద్దువుగాని అని పిలిస్తే చాలు, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చామంటూ వెనక్కి తిరిగేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా మిషను రంపానికి గుంటూరు అతుకు అని పేరు కూడా పెట్టారు.

మొదట్లో సరదాగానే ఉండేది. పోను పోను ఉండలేదు. ఒకసారి నేను మజ్జిగ గ్లాసులు అందిస్తుంటే ఒక రైతు రంపం మీద వేలు పెట్టి చూసి, ఎవడోగానీ ఆ గుంటూరోడి చెయ్యి బంగారం అన్నాడు. మా వారు తలొంచుకుని చక్రానికి నూనె పోశారు. మజ్జిగ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఉడుకుమోత్తనమే అనుకోండి, ఆ రాత్రి నేను కూరలో ఉప్పు వేయలేదు. మామగారి కళ్ళు తేరుకుని, దారిన పోయేవాళ్ళను దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తుంటే మాత్రం, ఏ పేరైతేనేం లెమ్మనిపించేది.

అలా ఉండగా మా ఆడబిడ్డ కాన్పుకని మా వారు, అత్తగారు పొదిలి వెళ్ళారు. మామగారే పాలేరుతో మిషను నడుపుతున్నారు. మిరప కోతల కాలం, కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. ఒక రైతు బండికి కాడి కట్టే నొగ విరిగిందని దుంగ తెచ్చాడు, సాయంత్రానికి బండి నడిస్తేనే కాయలు ఇంటికి చేరతాయి, లేకపోతే తడిసి తాలు అవుతాయి. దుంగ సగం కోశాక రంపం తెగింది. అబ్బాయి లేడు, గుంటూరు ఎవరు వెళతారు అనుకుంటూ మామగారు అటక వైపు చూడటం, చేతిరంపం దించమని పాలేరుకు చెప్పడం, మిగిలిన దుంగను ఆసరాల మీదికి ఎక్కించిన చప్పుడు, అన్నీ నాకు లోపలికి వినబడుతున్నాయి. పెదమామగారు ఎదురింట్లోంచి వచ్చి, ఒరేయ్, నీ కళ్ళకేమన్నా అయితే, అని కేకలేస్తున్నారు. రైతు మబ్బు వంక చూస్తూ నిలబడ్డాడు.

నేను కుంపటి ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేశాను. మజ్జిగ ఇవ్వడానికి తప్ప కోడలు పనివాళ్ళ మధ్యకి అలా రావడం ఆ ఇంట్లో అదే మొదలు.

“మామయ్యగారూ, మీరు దుంగ కిందికి వెళ్ళకండి. రంపం నేనతుకుతాను.”

“నువ్వా?”

“ఇన్నాళ్ళూ అతికింది నేనేనండి.”

నేను కూర్చుని ఆకురాయి తీసుకున్నాను. తల ఎత్తితే పెదమామగారి మొహం చూడాల్సి వస్తుందని ఎత్తలేదు. కాసేపటికి నా ఎదురుగా ఎవరో గొంతుక్కూర్చున్నారు, చూస్తే ఆయనే, కొలిమి నుంచి పట్టకారు తెచ్చుకుని.

“ఏ చివర పట్టుకోమంటావమ్మా?”

చూపించాను. అతుకు అయ్యేదాకా ఆ పెద్దాయన వేలు కూడా కదపకుండా పట్టుకున్నారు. నేను రంపాన్ని బూడిదలో పూడుస్తుంటే మాత్రం ఆగలేక తొడ చరిచి, “ఓరి, బూడిదలోనా! నేను నీళ్ళలో ముంచి చంపుకున్నాను గదరా తమ్ముడూ!” అని పకపకా నవ్వారు. నాలుగేళ్ళు మేము ఎవరి మనసు నొచ్చుకుంటుందని బస్సులెక్కి దిగామో, ఆ మనిషి అలా నవ్వారు.

చల్లారాక మామగారు రంపం చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి, అతుకు ఎక్కడుందో చాలాసేపు వెతికారు.

“గుంటూరు ఇంత దగ్గరుందని నాకు తెలీదమ్మా” అన్నారు.

వాన రాకముందే నొగ తయారైంది. ఆ రోజు నుంచి రంపం తెగితే మామగారు రైతులతో, కూర్చోండి, మా కోడలు అతుకుతుంది అనేవారు. మా వారు పొదిలి నుంచి వచ్చి సంగతి విని, రెండు రోజులు నా ఎదుటపడలేదు. తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువగా చెప్పుకు తిరిగారు. కరెంటు వచ్చి, టౌన్లో పెద్ద మిల్లులు లేచాక మా మిషను మూలపడింది. మామగారు మాత్రం పోయేనాటిదాకా పంచాంగం తన కళ్ళతో తానే చూసుకున్నారు.

ఈ కాలపు ఆడపిల్లలు తాము చేసిన పని తామే చేశామని నలుగురిలో చెబుతుంటే, గొప్పలు చెప్పుకుంటున్నారని మా ఈడువాళ్ళు మూతి విరుస్తారు. నాకు మాత్రం వినసొంపుగా ఉంటుంది. నా నాలుగేళ్ళు ఎవరో లాక్కున్నారని అనను. వాకిలి దాటితే ఎదురిల్లే. మొదటి రోజే వెళ్ళి, పెదమామగారూ, కాస్త ఈ చివర పట్టుకుంటారా అని అడిగి ఉంటే, ఆయన ఆ రోజే పట్టకారు తెచ్చుకుని వచ్చి ఉండేవారు. నేను అడగలేదు.