బాలయ్య ఫోనుకు పట్టిన జబ్బు

మా బాలయ్య అరవై ఏళ్ళు వచ్చేదాకా నిశ్శబ్దం అనేది విననే లేదు. పుట్టింది మగ్గాల చప్పుడులో, పెరిగింది ఆ చప్పుడులోనే. ఒకసారి కరెంటు పోయి షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే, చెవుల్లో ఏదో పగిలిందనుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

సరే, డాక్టరు దాకా పోలేదు. వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు. ఏటా మా నేతవాళ్ళు కొలిచే మార్కండేయుడి రథం నాడు మగ్గాలు ఆగేవి కనుక, విననే లేదనడం కూడా కాస్త ఎక్కువే. అయితే ఆ రోజు బ్యాండు మేళం ఉంటుంది కదా. కాబట్టి నా మాటలో సగమైనా నిలబడుతుంది.

బాలయ్య ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగు నేతవాళ్ళ పేట కుంఠా నాకాలో తువ్వాళ్ళు నేసే పవర్‌లూమ్ కార్మికుడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "షిఫ్టు కుదరలే" అనేవాడు. రాత్రిళ్ళు షెడ్డులోనే, నూలు బస్తాల పక్కన చాప వేసుకుని, అవతలి షిఫ్టు మగ్గాలు ఆడుతుంటే హాయిగా గురకపెట్టేవాడు. ఆ షెడ్డులో నేను గుమాస్తాను. చిన్నప్పుడు సిస్టర్ల బడిలో చదివానని మా వాడకట్టంతా నన్ను కాన్వెంటు అని పిలుస్తుంది. నా అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

రెండేళ్ళ కిందట షెడ్డు సేటు మగ్గాలను పాత ఇనుముకు అమ్మేశాడు. ఇంచుమించు అప్పుడే ఊరి బయట కుంభారిలో కార్మికులకు కట్టించిన కొత్త కాలనీలో బాలయ్యకు ఇల్లు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంత తలుపు, సొంత గొళ్ళెం. మేమందరం వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, పేడాలు తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేశాం. అతను అక్కడ ఉండిపోయాడు.

అక్కడ ఇళ్ళన్నిటికీ ఒకే రంగు, ఒకే రకం తలుపు. పొద్దున్నే అందరూ పనులకు ఊళ్ళోకి వెళ్ళిపోతారు. రాత్రి చూస్తే ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. బాలయ్య టేబుల్ ఫ్యాను జాలీలో ఒక అట్టముక్క ఇరికించాడు. రెక్కలు తగిలి టకటకమని కొట్టుకునేది, ఇంచుమించు మగ్గంలాగే. దాంతో కొన్ని రాత్రులు పడుకున్నాడు. పక్కింటావిడ వచ్చి "కాకా, పిల్లలు నిద్రపోతలేరు, జరా బంద్ చెయ్యి" అని మర్యాదగానే అడిగింది. అట్టముక్క తీసేశాడు.

ఇక ఫోను సంగతి. షెడ్డు మూసేనాడు సేటు చేతిలో పెట్టిన స్మార్ట్‌ఫోను ట్రంకుపెట్టెలో పడి ఉండేది. ఒకరోజు దాన్ని తీసి, చార్జింగు పెట్టి, భజనల యాప్ వేసుకుందామనుకున్నాడు. నొక్కితే తెర మీద సున్నా గిరగిరా తిరుగుతుంది తప్ప యాప్ దిగదు. బస్సెక్కి కుంఠా నాకా వచ్చాడు. మా పాత షెడ్డు ముందు గదిలో ఇప్పుడు మయూరి మొబైల్ దుకాణం ఉంది. మయూరి ఎవరో కాదు, మా షెడ్డులో కండెలు చుట్టిన గంగమ్మ మనవరాలు. పొద్దు గడవని నేను రోజూ ఆ దుకాణం గడప మీదే ఉంటాను.

మయూరి ఫోను అందుకుని చూసింది. "నెట్ ప్యాక్ ఉంది. జాగ గూడ ఉంది. మరి దీని బీమారి ఏంది?" అని బంద్ చేసి మళ్ళీ పెట్టింది. సిమ్ము తీసి చున్నీతో తుడిచింది. ఏవేవో పాత చెత్త ఊడ్చేసింది. సున్నా అలాగే తిరుగుతోంది. చివరికి నెత్తి మీద చేయి పెట్టుకుని నవ్వింది.

"అగో! తారీఖు చూడు కాకా. నీ ఫోన్ల మూడేండ్ల కిందటి సాలు నడుస్తుంది. తారీఖు తప్పయితె అవతలి కంప్యూటర్ నమ్మది. దొంగ అనుకొని దర్వాజ తెరువది."

"మూడేండ్ల కిందనా?" అన్నాడు బాలయ్య. "అప్పుడు మన మగ్గాలు ఆడుతుండె."

తారీఖు సరిచేయగానే యాప్ దిగింది. చాయ్ వచ్చింది. పక్క గల్లీలో ఇంకా బతికున్న మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. బాలయ్య స్టూలు మీద చీకటిపడేదాకా కూర్చుని బస్సెక్కాడు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి వానలు చెప్పే యాప్ దిగడం లేదట. మయూరి చూస్తే తారీఖు మళ్ళీ వెనక్కి పోయింది. తర్వాత పంచాంగం యాప్, ఆ తర్వాత బస్సు వేళల యాప్. ఒకనాడు ఇంగ్లీషు నేర్పే యాప్ కావాలన్నాడు.

"ఈ ఉమర్ల ఇంగ్లీషు ఎందుకు కాకా?" అంది మయూరి.

"ఈ కాన్వెంటోని తప్పులు పట్టనీకి."

"నా తప్పులు పట్టాలంటే ఒక్క యాప్ సరిపోదురా," అన్నాను నేను.

మయూరి మాత్రం నవ్వలేదు. అన్ని ఫోన్లూ బాగుచేసే పిల్లకు ఈ ఒక్కటీ లొంగడం లేదు. టవర్ దోషం అంది, బ్యాటరీ దోషం అంది, రాత్రి నిద్రలో కూడా ఆ సున్నాయే తిరుగుతోందంది.

నాకు మాత్రం ఒకనాడు తెలిసిపోయింది. మార్కెట్టు నుంచి వస్తుంటే బాలయ్య బస్సు దిగి, వేపచెట్టు చాటుకు పోయి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని బొటనవేలితో సంవత్సరాలను వెనక్కి జరుపుతున్నాడు. అతను ఇలాంటి పనే చేయడం నేను ఇదివరకు చూశాను. షెడ్డులో ఆడుతున్న మగ్గాన్ని వదిలి పక్క మగ్గం దగ్గరికి పోవడం మర్యాద కాదు. మగ్గం ఆగితేనే లేవాలి. అడ్డంగా నడిచే పేక పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగుతుంది. బాలయ్యకు ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడాలనిపిస్తే, చిటికెనవేలి గోరుతో పోగు తెంపేసేవాడు. "పోగు పోయింది," అని నిట్టూర్చి, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. అంతమంది మధ్యలో కూడా అతనికి ఊరకనే రావడం చేతకాలేదు.

చూసిన సంగతి నేనెవరికీ చెప్పలేదు.

కానీ మయూరి ఊరుకునే పిల్ల కాదు. ఒక మధ్యాహ్నం బాలయ్య ఫోను అతని చేతిలో పెడుతూ గర్వంగా అంది, "కాకా, నీ బొటనేలు తగిలి తారీఖు మారుతుందని నాకు సమజయింది. సెట్టింగుల మీద తాళం ఏసిన. పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. ఇగ జిందగీల నీ ఫోన్ ఆగది."

"ఆగదా?"

"ఆగనే ఆగది."

నేను నోరు విప్పితే అతని గుట్టు బయటపడుతుంది. ఊరుకుంటే అతను ఇక్కడికి వచ్చే దారి మూసుకుపోతుంది. 

"బరం ఝాలం. మంచిగైంది," అన్నాడు బాలయ్య. చాయ్ వచ్చేదాకా కూడా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. మయూరి స్టూలు మీద పాత స్పీకరు డబ్బా పెట్టుకుంది. "చూసిన్రా తాతా, కాకా ఫోన్ ఎంత పక్కాగ చేసిన్నో," అంది సంతోషంగా. నేను అవునన్నాను. మర్నాడు కుంభారి బస్సెక్కాను.

తలుపు తీసే ఉంది. బాలయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఫోను ఎదురుగా గోడకు ఆనించి ఉంది. అందులో భజనలు, వానలు, పంచాంగం, అన్నీ వరసగా ఉన్నాయి. ఏ యాప్ కావాలంటే అది దిగుతోంది. ఫోను మోగడం లేదు, అంతే. ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, నేను చెప్పులు విడిచిన చప్పుడుకు అతను ఉలిక్కిపడ్డాడు.

"వస్తలేవేంరా?" అన్నాను.

"ఎందుకు రావాలె? ఫోన్ మంచిగ నడుస్తుంది."

"పని ఉంటెనే వస్తవా?"

"నడిచే మగ్గం ఇడిసిపెట్టి లేస్తరా ఎవరన్న? నువ్వు గుమాస్తవు, నీకు తెల్వదు. నలుగురు పని చేసుకునే కాడ ఉత్తగ పోయి కూసుంటె ఏమంటరు?"

"ఏమంటరు, చాయ్ తాగుమంటరు."

అతను ఫ్యాను వైపు చూశాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతోంది.

నేను జేబులోంచి నా ఫోను తీసి అతని చేతిలో పెట్టాను. "నాది ఆగింది. ఏ యాప్ ఎక్కుతలేదు. జరా చూడు."

బాలయ్య కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. తెర మీద తారీఖు చూశాడు. నేను తొందరలో దాన్ని మరీ వెనక్కి జరిపినట్టున్నాను. ఆ సాలులో అసలు స్మార్ట్‌ఫోన్లే పుట్టలేదు. అతను నన్ను చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సాలుకు ఒక అందాజ ఉండాలెరా," అన్నాడు. "ఇది నాతోని కాదు. మయూరి కాడికి పోవాలె."

"నేనొక్కణ్ణి పోతే ఆ పిల్ల నా మాట వినదు."

బాలయ్య లేచి గోడకున్న తెల్ల టోపీ తీసి పెట్టుకున్నాడు. తలుపుకు గొళ్ళెం వేశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా నాకు తారీఖు గురించి పాఠం చెప్పాడు. అది తప్పయితే అవతలి కంప్యూటర్ దొంగ అనుకుంటుందట, దర్వాజ తెరవదట. నేను తెలియనట్టు తల ఊపాను.

ఇప్పుడు నా ఫోను తరచుగా పాడవుతోంది. బాలయ్య దాన్ని బాగుచేయించడానికి వస్తున్నాడు. చీకటి పడగానే లేచి కుంభారి బస్సు కోసం నిలబడతాడు. రాత్రికి మా ఇంట్లో ఉండమంటే ఉండడు. ఆ ఇంటికీ ఒక మనిషి ఉండాలి కదా అంటాడు.

ఇదంతా రాసి, దాపరికం ఎందుకని, దుకాణంలో కూర్చుని అతనికి చదివి వినిపించాను. పూర్తయ్యేదాకా కదలకుండా విన్నాడు. తర్వాత చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంతా ఝూట్," అన్నాడు. "నేను ఏ చెట్టు చాటుకు పోలే. ఏ తారీఖు జరపలే. కొత్త ఇంట్ల నాకు మస్తు నిద్ర పడుతది. ఇందుల ఒక్క మాట గూడ నిజం కాదు."