స్టార్ట్

మా అన్న ముందు ఎవరైనా ‘స్టార్ట్’ అన్నారంటే చాలు, బతికున్నన్నాళ్లూ భగ్గుమనేవాడు.

వడమాలపేటలో చెరకుతోట చూసుకునే ఆ మాటకు ఆయనకు తెలిసిన అర్థం నీళ్ల మోటారు వేయడమొక్కటే. చిత్తూరు ఆసుపత్రిలో అమ్మకు ప్రాణం మీదికొచ్చినప్పుడు, వెంటనే బయలుదేరమని డిగ్రీ చదివిన నేను టెలిగ్రాం ఇచ్చాను: ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ.’ పోస్ట్‌మ్యాన్ చదివి వినిపించి వెళ్లిపోయాడు. తోట ఎండబెట్టినందుకు అమ్మ కోపంగా ఉందనుకున్నాడు అన్న.

మర్నాడు బురదకాళ్లతో ఆసుపత్రికి వచ్చాడు.

“మోటారేసి తోటంతా తడిపినాన్రా. అమ్మకు కోపం తగ్గిందా?”

అమ్మ రాత్రే పోయిందని చెప్పి, టెలిగ్రాంలో ఏం రాశానో వివరించబోయాను. చొక్కా పట్టుకుని నన్ను గోడకు నెట్టాడు.

“యాడ సదివినావురా ఆ సదువు? ‘రా’ అని రాసుంటే రానా? ఒక్క అక్షరం గదరా!”