బటన్లకు నేను పెట్టిన పేర్లు

కొన్నేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసినప్పుడు కూడా దీన్ని దాటేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. రెంటచింతల చర్చిలో హార్మోనియం వాయిస్తారు, పాటలు కడతారు. పెళ్లయిన నాటి నుంచి పేపరు చదివి వినిపించేది నేనే, మెసేజ్‌లు చదివేది నేనే. నాకు నచ్చని వార్త దాటేసేదాన్ని కూడా. ఆ పెత్తనం నాకెంత తీపో, అది పోయేదాకా తెలియలేదు.

తర్వాత మాట్లాడే ఫోన్ వచ్చింది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదువుతుంది, రెండుసార్లు తట్టితే ఆ పని చేస్తుంది. చూపు లేనివాళ్లు పాటలు పంపుకునే యాప్ ఒకటి ఆయనకు దొరికింది. అందులో మాచర్ల నుంచి ఒకావిడ ఈయన పాటకు బదులుగా తనూ పాడి పంపేది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఈయన తనలో తను నవ్వుకునేవారు. ఏందని అడిగితే, ఏం లేదులే అనేవారు. ఒకసారి నేనూ విన్నాను, ఆవిడ గొంతు నిజంగా బాగుండేది. అందుకే నాకు ఒళ్లు మండేది. ఆవిడకూ చూపు లేదు, ఆయన లోకం ఆవిడకు తెలుసు, రెండు కళ్లూ ఉన్న నేను మాత్రం దాని గడప బయటే నిలబడ్డాను. చూపు లేనందుకు ఒక మనిషి మీద కుళ్లుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో!

ఒకసారి ఆ యాప్ మారి, బటన్లకు పేర్లు పోయాయి. దేని మీద వేలు పెట్టినా ఫోన్ ‘బటన్’ అంటుందంతే. అలాంటప్పుడు చూపున్నవాళ్లు పేరు రాసిపెడితే ఫోన్ ఆ పేరే పలుకుతుంది.

“ఏమే, కాస్త చూసి పేర్లు పెట్టు. ఏది పంపేదో, ఏది చెరిపేదో తెలీక చస్తన్నా,” అన్నారు.

పెట్టాను. పంపే బటన్‌కు ‘చెరుపు’ అని, చెరిపేదానికి ‘పంపు’ అని.

ఆయన పాడేవారు. ‘పంపు’ అని వినబడ్డచోట తట్టి, బదులు కోసం చూసేవారు. పాట అక్కడే పోయేది. ఈయనే మానుకున్నారనుకుందేమో, ఆవిడా ఊరుకుంది.

“నా పాట ఆళ్లకి నచ్చట్లేదే. ఇన్నాళ్లూ మొహమాటానికి మెచ్చుకున్నారేమో,” అన్నారు ఒకరోజు.

“ఆళ్లు మెచ్చేదేందయ్యా, నేన్లేనా?” అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు సంతోషం వేసింది. అసలు పాపం అదే.

ఆయన మళ్లీ పాట కట్టలేదు. చర్చిలో పాతవే వాయిస్తున్నారు. పక్కన కూర్చుని పేపరు చదవమంటారు. నాకు కావలసింది దక్కింది కదా? మరి చదివిన వరుసే మళ్లీ మళ్లీ ఎందుకు చదువుతున్నాను? ఆ ఫోన్ పోయింది, ఆ యాప్ పోయింది, నేను చేసింది బయటపడే దారే లేదు. తన పాట బాగాలేదన్న నమ్మకం మాత్రం ఆయనలో అలాగే ఉండిపోయింది.

కొత్త ఫోన్‌లో పేరు లేని బటన్ తగిలితే ఇప్పటికీ నన్నే పిలుస్తారు. “నువ్వయితే సరిగ్గా పెడతావే,” అంటారు.

ఇదంతా ఆయన ఫోన్‌లోనే రాస్తున్నాను. ఆయన వేలు తగిలితే ఒక్క మాట కూడా దాటేయకుండా చదివేస్తుంది. నేనయితే దాటేసేదాన్ని. చెరిపే బటన్ ఇక్కడే ఉంది. ముట్టుకోలేదు.