మస్తాన్ సాహెబు గారి చక్రాల బల్ల

1934వ సంవత్సరం, వేసవి. ఏలూరులో కాలువ గట్టు పక్కన నాకొక వడ్రంగం షెడ్డు ఉండేది. తలుపులు, మంచాలు, బండిచక్రాలు, ఎవరేమడిగితే అది చేసేవాణ్ణి. చేయి తిరిగినవాణ్ణని కొంచెం పొగరు కూడా ఉండేది. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. ఇన్నేళ్ళలో నీకు బాగా గుర్తుండిపోయిన పని ఏదయ్యా అని అడిగేవాళ్ళు, ఏ జమీందారు గారి మేడమెట్ల గురించో చెబుతానని ఎదురు చూస్తారు. నేను చెప్పేది మూరెడెత్తు చక్రాల బల్ల గురించి.

మస్తాన్ సాహెబు గారు తాళాల పనివాడు. మా వీధి చివరే ఆయన కొట్టు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం, మధ్యన ఒక పరదా. పిల్లలు లేరు. ఆయనా, ఆయన భార్య జైనబ్ బీ గారూ, అంతే. పోయిన తాళంచెవులకు కొత్తవి చెయ్యడం, మొరాయించిన ఇనప్పెట్టెలు తెరవడం ఆయన పని. తాడేపల్లిగూడెం నుంచీ, అత్తిలి నుంచీ కూడా మనుషులు వచ్చి ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు.

అంతకుముందు చలికాలంలో కొల్లేటి లంక గ్రామంలో ఎవరిదో ఇనప్పెట్టె తెరవడానికి వెళ్ళారు. దోనె దిగి బురదలో నడుస్తుంటే అరికాల్లో నత్తగుల్ల గుచ్చుకుంది. గుడ్డ చుట్టుకుని, పని పూర్తిచేసుకునే ఇంటికొచ్చారు. ఒంట్లో చక్కెర వ్యాధి ఉన్న సంగతి అప్పటికి ఆయనకే తెలియదు. ఆ పుండు మానలేదు. చివరికి ఆసుపత్రిలో ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆయన కబురు పెడితే వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"ఆచారి గారూ, నాకో బల్ల చేసిపెట్టాలండీ."

"బల్లకేముంది సాహెబు గారూ, చిటికెలో చేస్తాను."

"మామూలు బల్ల కాదండీ. నేను సామాను దగ్గరికి వెళ్ళలేను కదా. సామానే నా దగ్గరికి రావాలి. దానిమీదే కూర్చోవాలి, దానిమీదే పనిచెయ్యాలి, అవసరమైతే దాంతోనే కదలాలి." ఎందుకో కూడా చెప్పారు. "మా బావమరిది కంపెనీ తాళాలు తెప్పించి అమ్ముకోమంటున్నాడండీ. నాకు అమ్మడం చేతకాదు. ఈ బల్ల కుదిరిందా, పనివాణ్ణిగా ఉంటాను. కుదరకపోతే ఇక్కడ కూర్చుని ఈగలు తోలుకోవడమేనండీ."

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో మా చేతిపనివాళ్ళెవరూ నిలబడి పని చేసేవారు కాదు. నేలమీద కూర్చుని, రెండు అరికాళ్ళూ ఎదురెదురుగా పెట్టి, పనిని వాటి మధ్య బిగించి పట్టుకునేవాళ్ళం. వర్క్‌షాపుల్లో వైస్ అని ఉంటుంది. మర తిప్పితే బిగిసే ఇనుప దవడలు. మాకు ఆ వైస్ మా కాళ్ళే. ఒక కాలు పోతే రెండో కాలు ఒంటరిగా దేన్నీ పట్టుకోలేదు. అందుకని బల్లకు వైస్ తప్పనిసరి అని ఇద్దరం మొదటిరోజే అనుకున్నాం.

ఆ బల్ల కోసం నేను పడ్డ తంటాలు ఇన్నీ అన్నీ కావు. టేకు చట్రం, వేప పలక, దాని అంచున బిగించిన ఇనుప వైస్. కింద లోహం అరగదీసే ఆకురాళ్ళకూ సుత్తులకూ డ్రాయర్లు, కుడివైపు చిన్న కొలిమికి రేకు పరిచిన గూడు, వెనక మడిస్తే లోపలికి పోయే కూర్చునే పీట. చక్రాలకు మాత్రం కాస్టర్లే కావాలని పట్టుబట్టాను. కాస్టర్ అంటే ఎటు తోస్తే అటు తిరిగే చక్రం. దానికోసం తాడేపల్లిగూడెం వెళ్ళి, ఒక రైసుమిల్లు వాళ్ళు మూల పడేసిన బస్తాల ట్రాలీకి ఉన్నవి బతిమాలి ఊడదీయించుకుని వచ్చాను. పనిచేసేటప్పుడు బల్ల జారకుండా చక్రాల కింద దూర్చడానికి తుమ్మ చీలలు చెక్కాను.

బల్ల ఇచ్చిన రోజు ఆయన దానిమీద కూర్చుని, గోడను చేత్తో నెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళారు. మళ్ళీ ఇటు వచ్చారు.

"సాహెబు గారూ, ఇలా తిరుగుతుంటే మిమ్మల్ని పెళ్ళికొడుకు అనుకుంటారండీ" అన్నాను.

పరదా వెనక జైనబ్ బీ గారు నవ్వడం వినిపించింది. కాలు తీసేశాక ఆ ఇంట్లో నవ్వు అదే మొదలేమో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజంతా షెడ్డులో ఎవరు పలకరించినా తలెగరేసే మాట్లాడాను.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. కొన్నాళ్ళకు అటువైపు వెళితే, ఆయన బల్లమీద ఊరికే కూర్చుని ఉన్నారు. ముందు విరిగిన ఇత్తడి తాళంచెవులు పడి ఉన్నాయి.

"వైస్ జారుతోందాండీ?" అని కంగారుగా అడిగాను.

"లేదండీ. బ్రహ్మాండంగా పట్టుకుంటోంది. కానీ నాకేమీ చెప్పట్లేదండీ."

నాకు అర్థం కాలేదు. అప్పుడాయన వివరించారు. తాళంచెవి పళ్ళు తీసేటప్పుడు ఆకురాయి ఎంత లోతుకు దిగిందో కంటికి తెలియదట. అరికాలికి తెలుస్తుందట. లోహం పలచబడేకొద్దీ ఆ అదురు మారుతుంది, అది మారగానే చెయ్యి ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆగింది కాలు చెబితేనే. దవడలకు తోలు తొడిగాను, చెక్క తొడిగాను, సీసం రేకు కూడా తొడిగాను. ఏదీ ఆయనకు చెప్పవలసింది చెప్పలేదు. బల్ల అన్నీ మొయ్యగలిగింది కానీ, ఆ ఒక్కటీ నా చేతుల్లో లేదు. తిరిగొస్తుంటే నా పొగరంతా దిగిపోయింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు మళ్ళీ వెళ్ళాను. కొట్లో ఆయనా లేరు, బల్లా లేదు. నేలమీద చక్రాల జాడ మాత్రం పరదా కిందుగా లోపలికి వెళ్ళింది. లోపలి నుంచి ఆకురాయి చప్పుడు వస్తోంది. మధ్యమధ్య జైనబ్ బీ గారి గొంతు.

"ఇంకొంచెం... ఇంకొంచెం. ఆగండి. చాలు."

నేను దగ్గాను. చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బల్లతో సహా ఆయన బయటికి వచ్చారు. మొహం సిగ్గుతో ఎర్రబడింది.

"ఆవిడ ఎదురుగా కూర్చుని తాళంచెవిని కాళ్ళతో పట్టుకుంటోందండీ. వీధి గదిలో కూర్చోబెట్టలేను కదా, అందుకని సన్నపని ఉంటే బల్లే లోపలికి తీసుకెళుతున్నాను. ముందు నేను ఒప్పుకోలేదండీ. పొడి రాలి అరికాళ్ళు కోసుకుపోతాయన్నాను. వింటేనా?"

"మీకింకో కాలుంటే నేనెందుకండీ మధ్యలో" అని పరదా వెనక నుంచి ఆవిడ అన్నారు.

ఆ మాటకు ఆయన నవ్వారు. నేను బల్లను మా షెడ్డుకు తీసుకెళ్ళి, ముందు డ్రాయరు తీసేసి, ఎదురుగా కూర్చున్న మనిషి కాళ్ళు ఆనించుకునేలా వాలుగా ఒక పలక వేశాను. ఆవిడ కాళ్ళ కొలత అడగడం మర్యాద కాదని, వీధరుగు మీద ఉన్న చెప్పుల్ని చూసి అందాజాగా వేశాను. అది సరిపోయిందని ఆ తర్వాత కబురు చేశారు.

ఆ బల్ల ఆ రెండు గదుల మధ్య దాదాపు మూడేళ్ళు తిరిగింది. ఆయన పనిలో మునుపటి పేరే నిలిచింది. తర్వాత రెండో కాలికి కూడా పుండు లేచింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదు. రంజాను నెల వెళ్ళిన కొద్ది రోజులకే పోయారు.

కొంతకాలానికి జైనబ్ బీ గారు కబురు పెట్టారు. బల్ల అమ్మిపెట్టమంటారేమో అనుకుంటూ వెళ్ళాను. బల్ల ముందు గదిలోనే ఉంది. పరదా అవతల నుంచి ఆవిడ మాట్లాడారు.

"ఆచారి గారూ, ఆయన కూర్చునే పీట కొంచెం కిందికి దించగలరాండీ? నాకు ఎత్తవుతోంది."

దించడం ఎంతసేపండీ అంటూ పీట కింద చూడబోయాను. బల్లమీద ఇత్తడి తాళంచెవులు పడి ఉన్నాయి. కొన్ని పక్కకు కోసుకుపోయాయి, కొన్నిటికి గాట్లే సరిగ్గా పడలేదు. పక్కన ఆయన ఆకురాళ్ళు శుభ్రంగా తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. నేను వాటి వంకే చూస్తూ ఉండిపోయానని ఆవిడకు తెలిసినట్టుంది.

"ఆయన ఎదురుగా కూర్చుని కూర్చుని నాక్కూడా పని వచ్చేసిందనుకున్నానండీ" అన్నారు. "ఎక్కడ ఆగాలో ఇప్పటికీ నాకు తెలుస్తుందండీ. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు."

పీట మాత్రం దించి ఇచ్చాను. అది వృథా పని అని ఇద్దరికీ తెలుసు. ఆ సంవత్సరం ఆఖరుకు ఆవిడ అన్నగారు వచ్చి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళిపోయారు. వెళుతూ బల్లను నాకు వదిలేశారు.

పనిముట్టు చెయ్యమని ఎవరైనా పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ చేతి పొడవూ, కూర్చునే ఎత్తూ కొలవడం మాకు అలవాటు. ఆ తర్వాత నేను ఇంకొక ప్రశ్న కూడా అడగడం మొదలుపెట్టాను: "పనిచేసేటప్పుడు మీ పక్కన ఎవరుంటారండీ?" చాలామంది, నా పనికీ దానికీ ఏమిటండీ సంబంధం అని నవ్వేస్తారు. కొందరు మాత్రం కాసేపు ఆలోచించి, ఇంట్లోకి తిరిగి, "ఓసారి ఇలా రా" అని పిలుస్తారు. అప్పుడు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కొలత తీసుకుంటాను.